పద్నాలుగో చెట్టు, మూడో దీపం

ఎనిమిదిన్నర.
పొద్దు పోవడం లేదు.
ఊసుపోనివాళ్ళు అనే ఈ మాట
న్యూజిలాండ్ జనవరి ఎండాకాలంలో
అక్షరాలా నిజం.
కొండ భుజం మీద కూచుని సూర్యుడు
ఇంకా కాళ్ళూపుతున్నాడు.

పార్కు గేటు దగ్గర ఎవరూ టికెట్ అడగరు.
అయినా ఒకాయన జేబులు తడుముకున్నాడు.
పాల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చినట్టున్నాడు,
తెల్ల రబ్బరు బూట్లు కాళ్ళకే ఉన్నాయి.
ఉచితం.
ఈ మాటకు 'తగినది' అని కూడా అర్థం.
రెండు అర్థాలూ ఒకే గేటులోంచి లోపలికి రావడం
నేను ఎక్కువసార్లు చూడలేదు.

గడ్డి మీద దుప్పట్లు,
దుప్పట్ల మీద చిప్స్ పొట్లాలు,
పొట్లాల మీద సముద్రపు కాకుల కన్ను.
సమోవా అమ్మమ్మలు ముగ్గురు మడత కుర్చీల్లో
విసనకర్రలు ఊపుతున్నారు,
దోమల్ని కాదు, వెలుతురునే తోలుతున్నట్టు.
ఒక పిల్లాడు ఆకాశాన్ని తిట్టాడు.
వాళ్ళమ్మ తప్పంది,
తనూ గడియారం చూసుకుంది.

ఇంతమంది ఒక్కచోట చేరి
చీకటిని రమ్మని బతిమాలడం
నాకు కొత్త.

నెవిల్ ఏమీ బతిమాలడు.
ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ చెట్లకు దీపాలు కడుతున్నాడు.
నేను ఈ సీజనుకి అతని నిచ్చెన పట్టుకునేవాణ్ణి.
ఏ ట్రాన్స్‌ఫార్మర్ ఎలా మూలుగుతుందో
చెవితోనే చెప్తాడు.
కౌన్సిలుతో ప్రతి తీగకీ తగవే.

తొమ్మిదీ ఇరవై రెండు.
స్విచ్చు.

ముందు ఫెర్న్ చెట్లు పచ్చబడ్డాయి,
అవి పచ్చవేనని అప్పుడే గుర్తొచ్చినట్టు.
జలపాతం ఊదారంగు తాగింది.
సరస్సు అన్నిటినీ తలకిందులుగా పుచ్చుకుంది,
అడుగునున్న ముసలి మలుగుచేపలు
ఎరుపులోంచి నీలంలోకి మెల్లగా జారాయి.
వంతెన మీద ఉన్నవాళ్ళంతా,
అన్ని భాషల వాళ్ళూ,
మన రెండో అక్షరాన్ని
ఒక్క గొంతుతో చదివారు:
ఆ.

అప్పుడు కనిపించింది ఖాళీ.
పద్నాలుగో చెట్టులో మూడో దీపం
కొండెక్కింది.

"పన్ను ఊడింది" అంది కహురంగి.
ఏడేళ్ళుంటాయి, పైజామాలోనే వచ్చింది,
తన ఖాళీలోంచి నాలుక బయటపెట్టి చూపించింది.
నెవిల్ కొత్త బల్బు జేబులో వేసుకున్నాడు.
నేను నిచ్చెన పట్టుకున్నాను.
"మెల్లగా," అంది మళ్ళీ,
"అక్కడ పిట్ట పడుకుంది."

ఎక్కాడు.
చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.
కింది నుంచి నాకు కనిపించినవి
అతని మడమలు, అరిగిన బూటు అంచు,
చెవుల వెనక తెల్ల వెంట్రుకల మీద
పక్క దీపం వేసిన పసుపు.
దిగాడు. బల్బు జేబులోనే ఉంది.

పిట్ట ఉందా అని నేను అడగలేదు.
కహురంగి కూడా అడగలేదు,
తనకి ముందే తెలుసు కాబట్టి.

పదకొండింటికి దీపాలన్నీ కొండెక్కాయి.
ఇక్కడ ఆ మాట చూడ్డానికి కూడా బాగుంటుంది:
పార్కు నల్లబడ్డాక
కొండ కొసన మిగిలిన మంచు
కొంచెం తెల్లగా.
పాల ఫ్యాక్టరీ ఆయన
నిద్రపోయిన కొడుకుని భుజాన వేసుకుని
కిర్రు కిర్రుమంటూ వెళ్ళిపోయాడు.
ఆ చీకట్లో ఏది ఆరిన చెట్టో, ఏది వెలిగిన చెట్టో
ఇక వెతకనక్కర్లేదు.

నెవిల్ రిజిస్టరు తెరిచాడు.
దారం కట్టిన పెన్సిలు,
జిడ్డు వేళ్ళ అచ్చులు,
కౌన్సిలు గీసిన గళ్ళు.
నేను టార్చి పట్టాను.

చెట్టు: 14. దీపం: 3.
లోపం: నిద్ర.
తీసుకున్న చర్య: చప్పుడు కాకుండా దిగడమైనది.

కారు దాకా నడుస్తుంటే
జేబులో బల్బు తాళంచెవులకు తగిలి
టింగుమంటోంది.
చేత్తో పట్టుకుని దాన్ని ఊరుకోబెట్టాడు.